గండికోటలో అడిగిన ఒక ప్రశ్న

కోటలను గురించి వ్రాసేవారిలో సాధారణంగా రెండు అలవాట్లు కనిపిస్తాయి. గెలిచినవారిని కీర్తించడం ఒకటి, ఓడినవారిని తలచుకొని కన్నీరు కార్చడం మరొకటి. ఈ రెంటిలోనూ వ్రాసేవాని పక్షపాతం తెలుస్తుందే గాని కోట సంగతి తెలియదు. కొంతకాలం క్రితం కడప జిల్లాలోని గండికోటను చూడబోయినప్పుడు నాకీ విషయం బాగా అనుభవానికి వచ్చింది. వెంట మా మేనల్లుడు ఉన్నాడు. పదవ తరగతి చదువుతున్న కుర్రవాడు. తూర్పు ద్వారం దాటి, మలుపులు తిరిగి లోపలికి వెళ్ళగానే జామె మస్జిదు మీనార్లు వాని కంటపడ్డాయి. వెంటనే, "మామూ, ఇది మనోళ్ళు గెల్చిన కోట కదా?" అన్నాడు. ఔనని చెప్పబోయి ఆగిపోయాను. "మనోళ్ళు" అన్న ఆ ఒక్క మాటకు అర్థం చెప్పవలసి వస్తే చరిత్ర అంతా తిరగవేయవలసిందేనని అప్పుడు తోచింది. ఆ కుర్రవానికి అక్కడ చెప్పగలిగినదీ, తరువాత ఆలోచించగా తేలినదీ ఈ వ్యాసంలో పాఠకుల ముందుంచుతున్నాను.

కొండ, గండి, కోట

జమ్మలమడుగుకు పడమరగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండలను పెన్నానది చీల్చుకుంటూ పోయేచోట ఉన్నది గండికోట. నది కొండకు గండి కొట్టింది గనుక గండి. దాని అంచున కట్టినది గనుక గండికోట. లోయ వైపు నిలబడి చూస్తే ఇక్కడ కోటను మనిషి సగమే కట్టాడని తెలుస్తుంది. నిట్టనిలువుగా దిగిపోయిన ఎర్రరాతి గోడలు, వాటి అడుగున పెన్న. ఆ వైపునుండి ఏ సైన్యమూ ఎక్కి రాలేదు. మిగిలిన వైపులకే ప్రాకారం అసలు రక్షణ. సుమారు 5 మైళ్ళ చుట్టుకొలతగల ఈ గోడను ఆ కొండరాతితోనే కట్టారు. బురుజులు చాలావరకు చతురస్రాకారంలో ఉన్నాయి. తూర్పు ద్వారం వద్ద దారిని కావాలనే వంకరలు తిప్పారు. ఏనుగు గాని, గుంపుగా వచ్చే సైనికులు గాని వేగం పుంజుకొని తలుపును ఢీకొనడానికి వీలులేకుండా చేసిన ఏర్పాటు ఇది.

అయితే కోటను నిలబెట్టేది గోడలు మాత్రమే కాదు, నీరూ గింజలూ కూడా. లోపల చెరువు ఉంది, కోనేరు ఉంది, కప్పు కమానులుగా కట్టిన విశాలమైన ధాన్యాగారం ఉంది. ముట్టడి నెలల తరబడి సాగినా లోపలివారు బ్రతకడానికి కావలసినవి ఇవే. కోట లోపల ఈనాటికీ ఒక పల్లె ఉన్నది. రాజులు పోయారు, నవాబులు పోయారు, పల్లె మాత్రం మిగిలింది.

పుట్టుకను గురించిన చిక్కు

కళ్యాణి చాళుక్యరాజు ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడైన కాకరాజు 1123లో ఈ కోటను కట్టించాడని ప్రసిద్ధి. చాలా పుస్తకాలు ఈ వాక్యాన్ని యథాతథంగా వ్రాసుకుంటూ వస్తున్నాయి. కాని ఆహవమల్లుడనే బిరుదు గల మొదటి సోమేశ్వరుడు 1068లోనే మరణించాడు. 1123 నాటికి రాజ్యం చేస్తున్నది ఆయన కుమారుడు ఆరవ విక్రమాదిత్యుడు. కనుక తేదీ అయినా తప్పు కావాలి, రాజు పేరైనా తప్పు కావాలి.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని ఇబ్నె ఖల్దూన్ 1377లో తన "ముఖద్దిమా" వ్రాసినప్పుడు చరిత్రకారులపై చేసిన ఫిర్యాదు సరిగ్గా ఇదే. విన్నదానిని తూచి చూడకుండా ఒకరినుండి ఒకరు అందుకొని వ్రాయడమే చరిత్రకు పట్టిన జబ్బు అని ఆయన అభిప్రాయం. కోట పుట్టుకలో ఈ జాగ్రత్త అవసరమైతే, కోట పతనం విషయంలో మరింత అవసరం. ఎందుకంటే అక్కడ మన అభిమానాలు కూడా వచ్చి కూర్చుంటాయి.

పెమ్మసానివారు, విజయనగరం

విజయనగర కాలంలో గండికోట పెమ్మసాని నాయకుల అధీనంలో ఉండేది. 1520లో జరిగిన రాయచూరు యుద్ధంలో కృష్ణదేవరాయల పక్షాన పోరాడిన పెమ్మసాని రామలింగ నాయుడు ఈ వంశంవాడే. కోటలోని మాధవరాయ, రంగనాయక ఆలయాలు విజయనగర శిల్పుల పనితనానికి నిదర్శనాలు.

ఆ కాలాన్ని రెండు మతాల మధ్య పోరుగా చూడటం మనలో చాలామందికి అలవాటు. వాస్తవాలు ఈ చట్రంలో ఇమడవు. విజయనగర ప్రభువు రెండవ దేవరాయలు (1424-1446) తన సైన్యంలో ముస్లింలను చేర్చుకున్నాడు. గోలకొండ రాజకుమారుడు ఇబ్రాహీం కుతుబ్ షా ప్రాణభయంతో పారిపోయి ఆశ్రయం పొందింది విజయనగరంలోనే. 1543 నుండి 1550 వరకు అక్కడ ఉండి, తరువాత సింహాసనం ఎక్కి, తెలుగు కవులను ఆదరించి, వారిచేత మల్కిభరాముడని పిలిపించుకున్నాడు. ఆయనే 1565లో తనకు ఆశ్రయమిచ్చిన రామరాయలపై కూటమిలో చేరాడు. స్నేహమైనా వైరమైనా రాజ్యాల లెక్కలనుబట్టి నడిచాయి.

మీర్ జుమ్లా

గండికోటను జయించిన మీర్ జుమ్లా అసలు పేరు ముహమ్మద్ సయీద్. ఇరాన్‌లోని అర్దిస్తాన్‌కు చెందినవాడు, నూనె వర్తకుని కుమారుడు. వజ్రాల వ్యాపారంతో సంబంధం పెట్టుకొని గోలకొండ చేరి, అబ్దుల్లా కుతుబ్ షా (1626-1672) కొలువులో ఒక్కొక్క మెట్టు ఎక్కి వజీరు అయ్యాడు. వజ్రపు గనులు, సముద్ర వ్యాపారం, సొంత సైన్యం, ఈ మూడూ ఒకే మనిషి చేతిలో ఉండటం ఆనాటి దక్కనులో అరుదు.

1636లో గోలకొండ మొగల్ చక్రవర్తి షాజహాన్‌కు లోబడి ఒడంబడిక వ్రాసి ఇచ్చింది. ఉత్తరాన విస్తరించే దారి మూసుకుపోవడంతో గోలకొండ, బీజాపూరు రెండూ విజయనగర శిథిల సామ్రాజ్యంవైపు దృష్టి మరల్చాయి. 1642 నుండి మీర్ జుమ్లా కర్ణాటక దండయాత్ర సాగింది. ఉదయగిరి లొంగింది. 1650లో పెమ్మసాని చినతిమ్మ నాయునినుండి గండికోట ఆయన వశమైంది. శిస్తు, వజ్రాలు, అధికారం, ఇవీ ఆ దండయాత్ర లక్ష్యాలు. దీనిని దీన్ కోసం జరిగిన పోరాటమని చెప్పడానికి ఆధారం ఏదీ లేదు. ఆయన కర్ణాటక సైన్యంలో తుపాకి కృష్ణప్ప నాయుని వంటి తెలుగు సేనానులు ఉండేవారు. కోటను పట్టడంలో డచ్చివారి కొలువు విడిచి వచ్చిన ఐరోపా ఫిరంగీదారుల సహాయం ఉన్నదని ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ వ్రాశాడు.

1652లో టావెర్నియర్ స్వయంగా గండికోటకు వచ్చాడు. కొండ అంచున ఒకవైపు లోయ ఉన్న ఇరుకు దారిని, పైన పంటలు పండే చిన్న మైదానాన్ని, నీటి ఊటలను ఆయన వర్ణించాడు. మీర్ జుమ్లా డేరాలో కూర్చుని, కాలివేళ్ళ మధ్యా చేతివేళ్ళ మధ్యా ఉత్తరాలు ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి గుమాస్తాలకు జవాబులు చెప్పి వ్రాయించే తీరు ఆయనను ఆశ్చర్యపరచింది. నేరస్తులను తెచ్చి నిలబెడితే అక్కడికక్కడే విచారించి కఠినశిక్షలు వేసేవాడట. కార్యదక్షుడు, కఠినుడు అన్న రెండు మాటలూ ఆయనకు తగినవే.

విగ్రహాలూ ఫిరంగులూ

మనం దాటవేయాలనుకునే ఒక సంగతి కూడా టావెర్నియర్ వ్రాతలో ఉంది. క్లాడ్ మాయే అనే ఫ్రెంచివానిచేత ఫిరంగులు పోత పోయించడానికి మీర్ జుమ్లా ఆలయాలనుండి లోహ విగ్రహాలను తెప్పించాడు. గండికోట ఆలయానికి చెందిన ఆరు విగ్రహాలు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదట. చివరకు ఆ ఫిరంగుల పని కూడా సఫలం కాలేదు.

దీనికి మనం ఏమని సమాధానం చెప్పాలి? యుద్ధంలో లోహం కావాలి గనుక తీసుకున్నాడని సమర్థించవచ్చు. ఇతర రాజులు కూడా శత్రువుల ఆలయాలను దోచారని ఎదురు చెప్పవచ్చు. ఈ రెండూ వకీలు మాటలు, చరిత్రకారుని మాటలు కావు. మన కొలబద్ద మన దగ్గరే ఉంది. బైతుల్ మఖ్దిస్ లొంగినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) అక్కడి చర్చి లోపల నమాజు చేయలేదనీ, చేస్తే తరువాతివారు దానిని స్వాధీనం చేసుకుంటారని శంకించి బయట చేశారనీ చెప్పే కథనం మన పిల్లలందరికీ నేర్పుతాం. ఆ కథనాన్ని నేర్పే నోటితో మీర్ జుమ్లా చేసినదాన్ని పొగడలేము. ముస్లిం చేసిన ప్రతి పనీ ఇస్లాం కాదన్న సామాన్య సత్యాన్ని ఇతరులకు చెప్పేముందు మనం ఒప్పుకోవాలి.

ఈ మాట అంటే ఆ మస్జిదు అందం తగ్గిపోదు. మీర్ జుమ్లా కట్టించినదని ప్రసిద్ధి పొందిన ఆ జామె మస్జిదు, విశాలమైన ఆవరణతో, చుట్టూ కమానుల వరుసలతో, రెండు మీనార్లతో గంభీరంగా ఉన్నది. దానికి చేరువలోనే మాధవరాయ ఆలయ గోపురం నిలిచి ఉంది. ఒకచోట నిలబడి రెంటినీ చూడవచ్చు. నేడు గర్భగుడిలో మూలవిగ్రహం లేదు. మస్జిదులో నిత్య నమాజు లేదు. రెంటినీ పురావస్తుశాఖ కాపాడుతున్నది.

గెలిచినవాని గతి

ఇక గెలిచినవాని సంగతి. కర్ణాటకంలో మీర్ జుమ్లా దాదాపు స్వతంత్ర ప్రభువయ్యాడు. సుల్తాన్‌కు అనుమానం పెరిగింది. 1655 నవంబరులో ఆయన కుమారుడు ముహమ్మద్ అమీన్‌ను అబ్దుల్లా కుతుబ్ షా ఖైదు చేయించాడు. మీర్ జుమ్లా మొగలుల పక్షం చేరాడు. 1656లో ఔరంగజేబు సైన్యం హైదరాబాదులో ప్రవేశించింది. ఏ గోలకొండ పేరిట గండికోటను గెలిచాడో ఆ గోలకొండకే ఆయన ఫిరాయింపు ముప్పు తెచ్చింది. ఆయన 1663లో అస్సాం దండయాత్రనుండి తిరిగివస్తూ మరణించాడు. 1687లో ఔరంగజేబు కుతుబ్ షాహీ రాజ్యాన్నే అంతం చేశాడు. మరి గండికోటను గెలిచినది "మనవాళ్ళ"యితే, గోలకొండను ముంచినది ఎవరు?

ఆ తరువాత కోట కడప నవాబులకు, మైసూరు ప్రభువులకు, 1792లో నిజాముకు, 1800లో దత్తమండలాలతోపాటు ఇంగ్లీషు కంపెనీకి చేతులు మారింది.

మాటల సాక్ష్యం

పాలకులు మారినా ఒకటి మిగిలింది. కోట భాగాలకు తెలుగు రైతు వాడే పేర్లు వినండి: ఖిల్లా, బురుజు, దర్వాజా. బురుజు అరబీ మాట. పెమ్మసానివారి కోటను గురించి పల్లెలో చెప్పుకునేటప్పుడు కూడా ఈ మాట వస్తుంది, అది పరాయిదని ఎవరికీ తోచదు. పందొమ్మిదో శతాబ్దం ఆరంభంలో కాలిన్ మెకంజీ సహాయకులు ఊరూరా సేకరించిన స్థానిక చరిత్రలను "కైఫియత్తులు" అన్నారు. అదీ అరబీ నుండి వచ్చినదే. తెలుగు పల్లె తన చరిత్రకు పెట్టుకున్న పేరు అరబీది కావడం, ఏ విజయస్తంభం కన్నా గట్టి సాక్ష్యం. కత్తితో వచ్చినవి చాలావరకు పోయాయి, నోటితో కలిసిపోయినవి నిలిచాయి.

భూమిపై సంచరించి పూర్వుల పర్యవసానం చూడమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ఆదేశిస్తుంది. ఆ చూడటం గర్వపడడానికి కాదు, పాఠం నేర్చుకోవడానికి. మన జిల్లాల్లో ఇటువంటి ఖిల్లాలు ఎన్నో ఉన్నాయి. వాటిలోని శాసనాలు, గోరీలు, పాత మస్జిదులు, కోనేళ్ళు వాన దెబ్బకూ, గుప్తనిధుల వేటగాళ్ళ గునపాలకూ పాడైపోతున్నాయి. చదువుకున్న యువకులు వాటిని చూసి, కొలిచి, వ్రాసిపెట్టడం మంచిది. అయితే మస్జిదును మాత్రమే వ్రాసుకొని గుడిని వదిలేస్తే ఆ వ్రాతకు విలువ ఉండదు.

సాయంకాలం తిరిగి వస్తూ మా మేనల్లునికి ఇంత వివరంగా చెప్పలేకపోయాను. "కోటను గెల్చినవాళ్ళూ మనోళ్ళే, ఓడినవాళ్ళూ మనోళ్ళేరా. ఇద్దరూ ఏం చేశారో చూసి, మంచిది తీసుకో" అన్నాను. వాడు కాసేపు ఊరుకొని, "అయితే ఆ ఆరు విగ్రహాలూ ఏమైనాయి మామూ?" అని అడిగాడు. గెలుపును గురించి అడిగిన కుర్రవాడు సాయంత్రానికి ఓడినవారి సొత్తును గురించి అడిగాడు. ఆ ప్రయాణానికి అంతకన్నా ఫలితం నేను కోరుకోలేదు.