కుంఫిణీ కాలేజీ ఇండెంట్లు

పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో తెలుగు జిల్లాల మీదికి వచ్చిన దొరల్లో చాలామందికి ఓనమాలు దిద్దించిన బడి మద్రాసులో ఉండేది. దాని పేరు ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల. 1812లో మొదలై 1854లో మూతపడింది. మీసాలు మొలిచీ మొలవని వయసులో ఓడ దిగిన ఈస్టిండియా కుంఫిణీ కుర్ర ఉద్యోగులకు ఇక్కడ తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, హిందూస్థానీ, పారశీకం వంటి భాషలు నేర్పి, పరీక్ష పెట్టి, జిల్లాలకు పంపేవారు. విశాఖపట్నం జిల్లాకు వేసిన కుర్ర దొర చోడవరం, మాడుగుల వైపు గుర్రమెక్కి వెళ్లి రైతు చెప్పుకునే గోడు వినాలంటే ముందు ఈ గడప తొక్కాల్సిందే.

ఈ కాలేజీ పేరు మన సాహిత్య చరిత్రల్లో వ్యాకరణాల, నిఘంటువుల సందర్భంలో వస్తుంది. దాని నిత్య జీవితం మాత్రం సర్కారు దఫ్తరాల్లో ఉంది. అచ్చు యంత్రం కావాలి, కాగితం కావాలి, పండితుడికి జీతం మంజూరు చేయాలి, పుస్తకాలు బైండు చేయించాలి అంటూ సాగే ఇండెంట్లు, అంటే సరుకులు కోరే ఉత్తర ప్రత్యుత్తరాలవి. చదవడానికి చప్పగా ఉంటాయి. అయినా తెలుగు అచ్చు పుస్తకం పుట్టుక గురించి పీఠికలు చెప్పని సంగతులు తెలియాలంటే వెతకాల్సింది ఇలాంటి కాగితాల్లోనే.

కాలేజీని నడిపింది పర్యవేక్షక బోర్డు. మద్రాసు కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అందులో పెద్ద తలకాయ. బోర్డుకు సొంత ఖజానా లేదు. ఏది కావాలన్నా ప్రభుత్వ కార్యదర్శికి రాయాలి. ఆ కాలపు సర్కారు ఉత్తరానికి ఒక మూస ఉంది. పేజీలో సగం మేర మార్జిను వదిలి, మిగతా సగంలో పేరాలకు అంకెలు వేసుకుంటూ రాస్తారు. చివర తమరి అత్యంత విధేయ సేవకుడినంటూ బారెడు వినయం. మంజూరైందా లేదా అన్నది ఉత్తరం నకలు కిందే ఒకటి రెండు వాక్యాల్లో తేలిపోతుంది. సంతకాల కన్నా నకళ్ల పని ఎక్కువ. గవర్నరు సభ ముందుకు వచ్చిన ప్రతి కాగితాన్నీ సంపుటంలోకి ఎక్కించాలి, మరో ప్రతి లండనుకు పంపాలి. దారిలో ఓడ మునిగితే ఎలా అని ఇంకో ప్రతి వేరే ఓడలో వెళ్లేది. గుడ్‌హోప్ అగ్రం చుట్టి వెళ్లే ఆ ప్రయాణం నాలుగు నుంచి ఆరు నెలలు. రాసీ రాసీ గుమాస్తాల వేళ్లు ఎంత నొచ్చాయో గానీ, ఆ జాగ్రత్త పుణ్యాన మద్రాసు సర్కారు సంపుటాలు చెన్నై ఎగ్మూరులోనూ లండన్ బ్రిటిష్ లైబ్రరీలోనూ రెండు చోట్లా మిగిలాయి.

లెక్కలు 1818 దాకా పగోడాల్లో ఉండేవి, అంటే మన వరహాలు. ఒక పగోడాకు 42 ఫణాలు, ఒక ఫణానికి 80 కాసులు. ఆ తర్వాత రూపాయి వచ్చింది, పగోడాకు మూడున్నర చొప్పున. ఇలాంటి కాగితాల్లో జీతాలను పోల్చిచూసేవారు ముందు ఆ మార్పు ఏ ఏడు జరిగిందో గుర్తుపెట్టుకోకపోతే తప్పుడు లెక్కలో పడతారు.

ఇలాంటి ఉత్తరాలు ఉద్యోగులకు తర్ఫీదు ఇచ్చిన ప్రతి బడికీ ఉంటాయి. అమెరికా నౌకాదళ అధికారుల పాఠశాల 1845 అక్టోబరు 10న అన్నాపొలిస్‌లో, సైన్యం ఖాళీచేసిన సెవెర్న్ కోటలో తెరుచుకుంది. కొంతకాలం అది నౌకాదళంలో ఆయుధాలు, జలపటాల వ్యవహారం చూసే విభాగం అజమాయిషీలో ఉండేది. కావాల్సిన సామాను కోసం ఆ విభాగానికే రాసుకునేవారు.  మద్రాసు కాలేజీకీ దానికీ తేడా సరుకులోనే ఉంది. ఫిరంగి, తెరచాప, దూరదర్శిని కావాలంటే అమ్మేవాళ్లు దొరుకుతారు. దొరకు తెలుగు నేర్పే అచ్చు పుస్తకం 1812లో ఏ అంగడిలోనూ లేదు. ఇండెంటు పెట్టి తెప్పించుకునే వీలులేని సరుకది, తయారు చేయించుకోవాల్సిందే.

అప్పటికి తెలుగు అచ్చు ఎంత దూరాన ఉండేదో విశాఖపట్నం కథే చెబుతుంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డేగ్రాంజెస్ 1805లో విశాఖలో దిగారు. ఆనందరాయరు సాయంతో సువార్తలను తెలుగు చేశారు. 1810 కల్లా డేగ్రాంజెస్ కన్నుమూశాడు. అనువాదమైన మూడు సువార్తలు 1812లో అచ్చయింది బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో. విశాఖలో చేసిన అనువాదం అచ్చు అక్షరాలను వెతుక్కుంటూ హుగ్లీ ఒడ్డుకు పోవాల్సి వచ్చిందన్నమాట. విలియం కేరీ తెలుగు వ్యాకరణం వెలువడిందీ అక్కడి నుంచే, 1814లో. సువార్తలు అచ్చయిన ఆరేళ్లకు పరిస్థితి మారింది. విశాఖలోనే పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన అనువాదం 1818లో మద్రాసులోనే అచ్చయింది.

ఈ ఆరేళ్ల నడుమ జరిగిన పెద్ద సంగతి కాలేజీ సొంత ముద్రణాలయం. ఇంగ్లీషు పుస్తకానికి పెద్ద, చిన్న అక్షరాలు కలిపి 52, వాటి మీద అంకెలు, విరామ చిహ్నాలు ఉంటే చాలు. తెలుగుకు ఆ లెక్క కుదరదు. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం పైకో పక్కకో పోతాయి, వత్తులు కిందికి దిగుతాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం పేర్చాలంటే సకారం, దాని మీద గుడి దీర్ఘం, కింద తవత్తు, పక్కన క్రావడి, ఇన్నీ ఒకదానికొకటి తగలకుండా కుదరాలి. అచ్చక్షరం తయారీ కూడా చిన్న పని కాదు. ఉక్కు ముక్క కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని రాగి ముక్కలోకి దిగ్గొట్టాలి. ఆ గుంటలో కరిగిన సీసపు మిశ్రమం పోస్తే ఒక అక్షరం. ఇంగ్లండు నుంచి వచ్చే ఏ సామానైనా ఇవతలి గట్టుకు చేరడమూ గండమే. మద్రాసుకు అప్పటికి రేవు కట్ట లేదు. ఓడ దూరాన లంగరు వేస్తే, కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టిన మసులా పడవల్లో కెరటాల మీదుగా దింపుకోవాలి.

ఆ ముద్రణాలయం నుంచి 1816లో అలెగ్జాండర్ డంకన్ కాంబెల్ తెలుగు వ్యాకరణం వచ్చింది. దాని పీఠికకు ఎల్లిస్ రాసిచ్చిన వివరణలోనే తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, వాటిది వేరే కుటుంబమనీ మొదటిసారి ఆధారాలతో తేలింది. కాల్డ్వెల్ ద్రావిడ భాషల పుస్తకం 1856లో వచ్చింది, అంటే దీనికి నలభై ఏళ్ల తర్వాత. 1821లో కాంబెల్ నిఘంటువు, 1823లో జె.సి. మోరిస్ తెలుగు వాచకం వెలువడ్డాయి. మోరిస్ పుస్తకం చివర ఉత్తర సర్కారుల్లో వాడే రెవెన్యూ మాటల పట్టిక ఉంది. చోడవరం లాంటి చోట కచేరీలో కూర్చునే దొరకు కావ్యం కన్నా అది ఎక్కువ పనికొస్తుంది. కరణం గొలుసుకట్టు రాతలో పెట్టిన లెక్క, అర్జీదారు వాడుక మాట పంచకావ్యాలు చదివితే అర్థం కావు మరి.

ఈ పుస్తకాల వెనక పనిచేసిన మన పండితులు సర్కారు కళ్లకు ప్రధానంగా జీతాల పద్దు. ఎల్లిస్ తన వాదనకు ఆధారం చేసుకున్న తెలుగు ధాతువుల జాబితా కాలేజీ ప్రధాన పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చినది. కాంబెల్ నిఘంటువుకు పునాది మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య అకారాది క్రమంలో కట్టిన ఆంధ్రదీపిక. రావిపాటి గురుమూర్తిశాస్త్రి దొరల చదువు కోసం విక్రమార్కుడి కథలను వచనంలో రాశాడు, అవి 1819లో అచ్చయ్యాయి. అట్ట మీద దొర పేరు, పద్దులో పండితుడి పేరు: కుంఫిణీ న్యాయం అలా ఉండేది. పీఠికల్లో కృతజ్ఞత చెప్పిన మాట నిజమే కానీ, ఆ కృతజ్ఞతకూ చేసిన పనికీ పొంతన లేదు.

కాలేజీలో తెలుగు నేర్చినవారిలో బాగా పేరు నిలిచింది చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ది. 1817లో మద్రాసుకు వచ్చి, వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర అక్షరాలు దిద్ది, 1820లో పరీక్ష నెగ్గి కడప వెళ్లాడు. కాలేజీ నేర్పిన తెలుగు అతనికి చాలలేదు. కడపలో బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని తాటాకు ప్రతులు సేకరించి, సరిచూసి, కాగితం మీదికి ఎక్కించాడు. సర్కారు ఇండెంటుకు అందని సరుకును ఒక ఉద్యోగి అప్పులు చేసి సమకూర్చుకున్న ఉదంతమది.

కాంబెల్ కథలో ఇంకో మలుపుంది. బళ్లారి కలెక్టరుగా ఉండగా 1823 ఆగస్టులో జిల్లాలోని వీధి బడుల మీద ప్రభుత్వానికి నివేదిక పంపాడు. ఆ బడుల్లో పిల్లలు ముందు ఇసుకలో వేలితో దిద్ది, తర్వాత ఆకుల మీద, పలకల మీద రాయడం నేర్చుకునేవారు. అంత చౌకగా నడిచే బడులు కూడా దేశం పేదరికంలోకి జారడంతో మూతపడుతున్నాయని అందులో రాశాడు. అచ్చు యంత్రం, సీసం, సీమ కాగితం ఉన్న కాలేజీ కోసం పనిచేసి వెళ్లిన మనిషి రాసిన మాట కాబట్టి దానికి బరువెక్కువ.

1854లో కాలేజీని ఎత్తేశారు. పరీక్షల పని వేరే బోర్డుకు అప్పగించారు. కర్నల్ మెకంజీ పోగుచేసిన రాతప్రతుల్లో మద్రాసుకు తిరిగొచ్చిన భాగం, బ్రౌన్ ఇచ్చిన ప్రతులు అప్పటికి కాలేజీ గ్రంథాలయంలో పోగయ్యాయి. విలియం టేలర్ 1857 నుంచి 1862 దాకా వాటికి మూడు సంపుటాల సూచిక అచ్చువేయించాడు. అట్ట మీద ‘పూర్వపు కాలేజీ’ అనే పేర్కొన్నాడు. ఆ ప్రతులతోనే 1869లో మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఏర్పడింది. సర్కారు దఫ్తరాలకు ఎగ్మూరులో 1909లో సొంత భవనం వచ్చింది. విశాఖపట్నం జిల్లా పాత రికార్డులకు, 1769 నుంచి 1835 వరకు, మద్రాసు ప్రభుత్వం విడిగా ఒక మార్గదర్శిని వేసింది. నుంగంబాకంలో కాలేజీ ఉన్న వీధిని ఇప్పటికీ కాలేజీ రోడ్డనే పిలుస్తారు.