కపాలమున కదలిక

పసిబిడ్డకు తలంటునపుడు మాడుపై చేయి ఆనించినచో అచట మెత్తగా కొట్టుకొనుట శ్రోతలలోని తల్లులకు తెలిసినదే. అది గుండె కొట్టుకొనుటయే. ఏడాదిన్నర ప్రాంతమున మాడు సాధారణముగా పూడుకొనును. పిదప పుఱ్ఱెను ఒకే గట్టి పెట్టెగా మనము భావింతుము. కాని అది 22 ఎముకల కూర్పు. అందు మెదడును కప్పియుండునవి 8. వానిని రంపపు పళ్లవంటి అతుకులు కలిపియుంచును.

1899లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున, కిర్క్స్‌విల్ పట్టణమందు, ఆండ్రూ టేలర్ స్టిల్ స్థాపించిన ఆస్టియోపతీ విద్యాలయములో విలియం గార్నర్ సదర్లాండ్ అను విద్యార్థి ఎముకలు విడదీసి అమర్చిన పుఱ్ఱె నొకదానిని చూచెను. అతడు అంతకు ముందు పత్రికలలో పనిచేసినవాడు. కణత ఎముక అంచు వాలుగా చెక్కినట్లుండుట గమనించి, చేప మొప్పలవలె ఇవి కదలుటకే ఏర్పడినవేమో యనుకొనెను. వెఱ్ఱి తలంపని తానే త్రోసిపుచ్చ జూచెను, అది విడువలేదు.

తోలుపట్టెలతోను, శిరస్త్రాణమువంటి సాధనములతోను తన తలనే బిగించుకొని, ఎచట నొక్కిన ఏమగునో ఏండ్లతరబడి పరీక్షించుకొనెను. ఆ సాహసము మెచ్చదగినదే. అయితే పరీక్షించువాడు, పరీక్షింపబడువాడు, సాక్షి మువ్వురును తానే! చిక్కంతయు అచటనే కలదు. మెదడును, వెన్నుపామును, వాని చుట్టునున్న ద్రవమును ఒక లయతో చలించుననియు, ఆ లయతో కపాలాస్థులు కదలుననియు, నేర్పుగల వ్రేళ్లకు అది తెలియుననియు చెప్పు చిన్న పుస్తకమును 1939లో ప్రకటించెను.

1895లో అయోవా రాష్ట్రపు డావెన్‌పోర్టున డి. డి. పామర్ ఆరంభించిన కైరోప్రాక్టిక్ విద్యకు మొదట వెన్నుపూసలే ప్రధానము. రెండు విద్యలును చదివిన నెబ్రాస్కా వాసి బెర్ట్రాండ్ డిజార్నెట్, నడుము క్రింది త్రికాస్థికిని తల వెనుక ఎముకకును సంబంధము కలదని బోధించి, కపాలమును కూడ ఆ చికిత్సలోనికి తెచ్చెను.

శరీరశాస్త్రము దీనికి అనుకూలముగా లేదు. సదర్లాండ్ కదలికకు కీలకమని యెంచిన పుఱ్ఱె అడుగు కీలు యౌవనారంభము దాటులోపలనే ఎముకగా గట్టిపడును. 1998లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, ఒకే వ్యక్తి తలను ఒకరు, పాదములను మఱొకరు ఏకకాలమున పట్టి ఆ లయను లెక్కించిరి. సిద్ధాంతము నిజమైనచో ఇరువురి లెక్కయు ఒకటే కావలెను. కాలేదు.

ఐనను ఈ విద్య నేటికిని బోధింపబడుచున్నది. పసిపిల్లల తలలను సైతము కొందఱు ఆ లయకై పట్టి చూచుచున్నారు.