చిన్న పోలీసు కేసులు – సైన్యంలో చేరిక

సోలాపూర్ హోట్గి రోడ్డు ప్రాంతపు మగ్గాల వాడలలోను, సరిహద్దు గ్రామాలలోను సైన్యంలో చేరదలచిన యువకుల తల్లిదండ్రులను ఒక సందేహం వేధిస్తుంటుంది. గణపతి మండపం వద్ద కొట్లాటలోనో, పేకాట దాడిలోనో పేరు నమోదైన కుమారునికి ఇక సైన్యం ద్వారాలు మూసుకున్నట్లేనా?

మొదట కేసు ఏ రకమైనదో తెలుసుకోవాలి. ఠాణాలో ‘ఎన్‌సీ’గా, అనగా మరాఠీలో ‘అదఖలపాత్ర’గా నమోదైన ఫిర్యాదు వేరు, ఎఫ్‌ఐఆర్ వేరు. ఎన్‌సీలో మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు జరుపజాలరు. ఎఫ్‌ఐఆర్ సంగతి అంత తేలిక కాదు. అగ్నిపథ్ పథకంపై 2022 జూన్ 17న సికింద్రాబాదు రైల్వే స్టేషనులో విధ్వంసం జరిగిన పిమ్మట, ఎఫ్‌ఐఆర్‌లో పేరున్నవారు చేరజాలరని, ప్రతి అభ్యర్థికి పోలీసు విచారణ తప్పదని సైనికాధికారులు ప్రకటించారు. సైనికోద్యోగం కోసమే వచ్చిన యువకులు ఆ ఒక్క పూటతో కేసులలో చిక్కుకున్నారు.

కేసు ముగిసిన తీరు కూడ ముఖ్యమే. సాధారణ గాయం వంటి కేసులలో ఉభయులు చట్టప్రకారం రాజీపడితే అది నిర్దోషిగా విడుదలతో సమానం. నేరం ఒప్పుకొని జరిమానా కడితే మాత్రం, అది వంద రూపాయలైనా శిక్షే. పని దినం పోతుందని తొందరపడి జరిమానా కట్టి వచ్చేవారు ఈ భేదాన్ని గమనించరు. న్యాయవాదిని ముందే అడగడం మేలు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది దాచడం. చేరిక పత్రంలోని ప్రశ్నకు తెలిసి అబద్ధపు జవాబిచ్చినట్లు తరువాత బయటపడితే, 1950 నాటి సైనిక చట్టం 44వ సెక్షను ప్రకారం ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఇరుగుపొరుగు ‘రాయకపోతే ఎవరికి తెలుస్తుంది’ అని చెప్పే సలహా మూల్యం ఇది.

అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయాన్ని విశదపరచింది. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాన్ని దాచినా అధికారి తన విచక్షణతో మన్నించవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చితీరాలన్న నిర్బంధమూ లేదు. అంతకు ముందు 2011లో ఢిల్లీ పోలీసు శాఖకు చెందిన సందీప్ కుమార్ కేసులో, యౌవనంలోని తప్పును ఉదారంగా చూడాలని అదే న్యాయస్థానం పేర్కొన్నది. అయితే అది పోలీసు ఉద్యోగానికి సంబంధించినది. సైన్యం తప్పక అలాగే చూస్తుందని భరోసా పెట్టుకోరాదు.

పదునెనిమిదేళ్లు నిండకముందు జరిగిన నేరాల విషయంలో 2015 బాలల న్యాయ చట్టం 24వ సెక్షను రక్షణ కల్పిస్తుంది. ఆ తీర్పు వలన కలిగే అనర్హతలు అతనికి వర్తించవు. పదహారేళ్లు దాటి, ఘోర నేరంలో పెద్దవారితో సమానంగా విచారింపబడినవారికి మాత్రం ఈ రక్షణ లేదు.

కోర్టు నుండి తీర్పు సర్టిఫైడ్ నకలును ముందుగానే తీసుకొని భద్రపరచుకోవాలి. మహారాష్ట్రలో కేసు నమోదై, నివాసం తెలంగాణలోనో కర్ణాటకలోనో ఉన్నవారు మరాఠీ తీర్పుకు ఆంగ్లానువాదం కూడ సిద్ధపరచుకొంటే విచారణ సమయంలో తిరుగుళ్లు తప్పుతాయి.