మా తండ్రా, మన తండ్రా?

'మన ఇల్లు' వేరు, 'మా ఇల్లు' వేరు. ఎదుటివాళ్లను కలుపుకుంటే మన, కలుపుకోకపోతే మా. ఈ తేడా ఇంగ్లీషుకు పట్టదు. అమెరికా తూర్పు తీరంలో మాసచూసెట్స్‌ మూలవాసులైన వాంపనోగ్‌ల భాషకు పట్టింది. 1663లో వాళ్ల మాటల్లో అచ్చయిన బైబిల్లో ప్రార్థన 'నూషున్' అని మొదలవుతుంది. అంటే 'మా తండ్రి'. పిలుస్తున్నది ఆయన్నే అయినప్పుడు 'మన' అని ఎలా అంటారు? తెలుగు బైబిలూ 'మా' అనే అంది.

అమెరికాలో అచ్చయిన మొట్టమొదటి సంపూర్ణ బైబిలు అదే, ఇంగ్లీషుది కాదు. జాన్ ఎలియట్ అనే పాదిరి మూలవాసుల సాయంతో అనువదించాడు. అచ్చుపనిలో చెయ్యి వేసిన జేమ్స్ ప్రింటర్ పక్కనున్న నిప్ముక్ తెగవాడు. పాదిరి మతం కోసం అక్షరాలు నేర్పితే, జనం వాటితో వీలునామాలు, భూమి దస్తావేజులు, అర్జీలు రాసుకున్నారు.

అక్షరాలైతే మిగిలాయి, మాట్లాడే నోళ్లే కరువయ్యాయి. 1616 నుంచి మూడేళ్ల పాటు మహమ్మారి, 1675–76లో ఇంగ్లీషు వలసవాళ్లతో యుద్ధం, తర్వాత చుట్టూ ఇంగ్లీషు. పందొమ్మిదో శతాబ్దంతో ఇళ్లలో ఆ మాట వినపడడం ఆగిపోయింది.

మాష్‌పీ వాంపనోగ్ స్త్రీ జెస్సీ లిటిల్ డో బెయిర్డ్‌కు కలల్లో ఎవరో అర్థంకాని భాషలో మాట్లాడేవారు. అది తన పూర్వీకుల భాషేనని ఆమెకు తట్టింది. 1993లో భాషను తిరిగి తెచ్చే పని మొదలైంది. ఆమె ఎం.ఐ.టి.లో చేరి కెనెత్ హేల్ దగ్గర భాషాశాస్త్రం చదివింది. పొరుగు నారగాన్‌సెట్ భాష మీద 1643లోనే పుస్తకం వేసిన రోజర్ విలియమ్స్ వంశంవాడు హేల్. కలలను నమ్మనివాళ్లు కూడా ఈ చుట్టరికం దగ్గర కాస్త ఆగుతారు.

కాగితం మీది స్పెల్లింగు ఒకచోట ఒకలా, ఇంకోచోట మరోలా ఉంది. పలుకు ఎలా తెలియాలి? ఇంకా బతికున్న సోదర ఆల్గాంకియన్ భాషలే దారి చూపాయి. తెలుగు మూగబోతే కన్నడం, తమిళం విని దాని పలుకును ఊహించుకున్నట్టు! ఆమెకు ఎం.ఐ.టి. పట్టా 2000లో వచ్చింది.

2004లో పుట్టిన ఆమె కూతురికి అది అమ్మ నోట విన్న భాష. ఉగ్గుపాలతో దాన్ని నేర్చిన బిడ్డ వందేళ్లకు పైగా ఆ జాతిలో లేదు. తల్లి దస్తావేజుల్లో ఏరుకున్నది కూతురికి ఒళ్లోనే దొరికింది.

ఇప్పుడు మాష్‌పీలో ఆ భాషలోనే నడిచే చిన్న బడి ఉంది. దాని పేరుకు అర్థం 'పిల్లల ఇల్లు'.