చాకిరేవు నుంచి రొయ్యల గుంటకు

విడవలూరు మొదలు దుగరాజపట్నం దాకా పాత నెల్లూరు జిల్లా తీరమంతా రొయ్యల గుంటలే. వాటి గట్ల మీద బ్లీచింగ్ బస్తాలు కనిపిస్తుంటాయి. క్రిములను చంపడానికి చల్లే ఈ పొడి అసలు పుట్టింది గుడ్డలు తెల్లబరచడానికి! ఆ సంగతి తెలిసినప్పుడు నాకు మొదట తట్టింది దుగరాజపట్నమే. ఇంగ్లీషువాళ్ల ఆర్మగాన్ అదే. మద్రాసు ఇంకా లేని కాలంలో, 1626లో, వాళ్లు గుడ్డల బేరం కోసం అక్కడ దిగి, ఆ తర్వాత కోట కట్టుకున్నారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణానికి పోయి మద్రాసు స్థలం సంపాదించాడు. తర్వాత ఆర్మగాన్ వెలవెలబోయింది.

మగ్గం దిగిన కోరా గుడ్డ తెల్లబడాలంటే అప్పట్లో చాకిరేవే గతి. సవుడు మన్ను కలిపిన నీళ్లలో ముంచడం, ఉబ్బకు పెట్టడం, బండ మీద ఉతకడం, ఎండలో పరచడం, మళ్లీ తడపడం. యూరప్‌లోనూ ఇంచుమించు ఇదే తంతు. హాలండ్‌లోని హార్లెం చుట్టూ పచ్చిక బయళ్ల నిండా నార బట్టలు పరిచేవాళ్లు. బూడిద నీళ్లు, పులిసిన మజ్జిగ, ఎండ, వీటితో నెలలు గడిచేవి. మజ్జిగ బదులు పలచటి గంధకామ్లం సరిపోతుందని 1756లో ఎడిన్‌బరో వైద్యుడు ఫ్రాన్సిస్ హోమ్ చెప్పాక కొంత కాలం కలిసొచ్చింది.

అసలు మలుపు స్వీడన్‌లో వచ్చింది. 1774లో రసాయనవేత్త కార్ల్ షీలే మాంగనీస్ ఖనిజం మీద ఉప్పు ఆమ్లం పోసి, ఊపిరాడనివ్వని ఆకుపచ్చటి వాయువును పట్టాడు. అది పూల రంగులు తినేస్తుందని గమనించాడు. 1785లో ఫ్రాన్స్‌లో రసాయనవేత్త బెర్తొలే ఆ గుణాన్ని గుడ్డలకు వాడాడు. తను కనిపెట్టింది దాచుకోలేదు, పారిస్ వచ్చిన జేమ్స్ వాట్‌కు చేసి చూపించాడు. ఆవిరి యంత్రం వాట్ ఆ విద్యను గ్లాస్గోలో గుడ్డలు తెల్లబరిచే మామగారికి చేర్చాడు. నాకు ఈ కథలో అందరికన్నా ఇష్టమైన మనిషి బెర్తొలే.

వాయువును బస్తాకెత్తలేం కదా! ఆ చిక్కు విప్పినవాడు నేతపనీ, తెల్లబరిచే పనీ ఎరిగిన స్కాట్లండ్ మనిషి చార్లెస్ టెనెంట్. తడిపి పొడి చేసిన సున్నానికి ఆ వాయువును, అంటే క్లోరిన్‌ను, పట్టించి 1799లో పేటెంటు తీసుకున్నాడు. ఈ పొడి పద్ధతి ఆలోచన మాత్రం అతని భాగస్వామి మాకింటాష్‌దని చెబుతారు, వానకోటుకు పేరిచ్చిన మాకింటాషే. నెలల పని రోజుల్లోకి వచ్చింది. పచ్చిక బయళ్లు ఖాళీ అయ్యాయి, మరమగ్గాల గుడ్డ ప్రపంచం మీద పడింది. మన తీరపు నేతను దెబ్బతీసిన వాటిలో ఈ పొడికీ వాటా ఉంది. టెనెంట్ పేరు పేటెంటులో నిలిచింది. ఏ వాగు నీళ్లకు గుడ్డ ఎంత తెల్లబడుతుందో చెప్పగలిగిన మన రజకుల పేరు ఒక్కటీ మిగల్లేదు. వాళ్లను కూర్చోబెట్టి ఆ విద్య రాసుకోకపోవడం మనం చేసుకున్న నష్టం.

ఆ తర్వాత గుడ్డ వదిలి పొడి వైద్యంలోకి నడిచింది. 1847లో వియన్నాలో వైద్యుడు సెమెల్వైస్ క్లోరిన్ సున్నపు నీళ్లతో వైద్యుల చేత చేతులు కడిగించి బాలింతల చావులు తగ్గించాడు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ తాగునీటిలో ఈ పొడిని కలిపారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు వదిలింది కూడా ఇదే క్లోరిన్. గాలికన్నా రెండున్నర రెట్లు బరువు కాబట్టి అది కందకాల్లోకి దిగి సైనికులను చంపింది.

మళ్లీ మన గుంటల దగ్గరికి వద్దాం. నెల్లూరు గుంటల్లో 1994 చివర టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వైరస్ సోకి పంట తుడిచిపెట్టుకుపోయింది. వైరస్‌ను పీతలు, సముద్రపు రొయ్యలు మోసుకొస్తాయి గనుక, రొయ్య పిల్లను వదిలే ముందు నీటికి బ్లీచింగ్ పట్టించడం అలవాటైంది. 60 పీపీఎం లెక్కన ఎకరం గుంటలో మీటరు లోతు నీటికి సుమారు 240 కిలోలు కావాలి. ఇక్కడే డబ్బు నీళ్లపాలయ్యేది. ముందు సున్నం చల్లితే పీహెచ్ పెరిగి మందు పదును తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం చల్లితే ఎండ క్లోరిన్‌ను తినేస్తుంది, సాయంత్రం చల్లాలి. ఉప్పుగాలి తేమకు మూతి విప్పిన బస్తాలో బలం త్వరగా పోతుంది. క్లోరిన్ పూర్తిగా పోయిందని పరీక్షించుకున్నాకే పిల్లను వదలాలి.

ఇక మనుషుల సంగతి. బ్లీచింగ్ మీద ఆమ్లం పడితే షీలే చూసిన ఆ వాయువే లేస్తుంది. యూరియా, డీజిల్, ఆమ్లం ఉన్న షెడ్డులో దీన్ని పెట్టకూడదు. పొడి మీద నీళ్లు పోయకూడదు, ప్లాస్టిక్ డ్రమ్ములోని నీళ్లలో పొడిని కొద్దికొద్దిగా వేయాలి. గాలికి వీపు పెట్టి చల్లాలి. కంట్లో పడితే వెంటనే పదిహేను నిమిషాలకు తగ్గకుండా మంచినీళ్లతో కడిగి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వట్టి చేతులతో, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని కూలీలు ఈ పొడి చల్లడం ఇకనైనా ఆగాలి. మాస్కు, చేతితొడుగులు, కళ్లద్దాలు, బూట్లు గుంట యజమానే కొనివ్వాలి. మేతకూ పిల్లకూ అయ్యే ఖర్చు పక్కన అదెంత!