సమన్వయ రవాణా సేవలు (అమెరికా)

వృద్ధులు, వికలాంగులు, కారు కొనుక్కునే స్తోమత లేని పేదలు ఆస్పత్రికీ పనికీ బజారుకూ వెళ్లిరావడానికి ఒక ప్రాంతంలోని ప్రభుత్వ శాఖలు, సేవాసంస్థలు తమ వాహనాలనూ నిధులనూ కలిపి నడిపే ఏర్పాటును అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సమన్వయ రవాణా అంటారు. అరవై ఏళ్ల ఈ చరిత్రలో రెండు పాయలున్నాయి. ఒకటి, బస్సెక్కడం తమ హక్కని వికలాంగులు సాగించిన ఉద్యమం. రెండోది, ఒకే దారిన వేర్వేరుగా తిరిగే వ్యాన్లను ఒక పద్ధతిలోకి తేవడానికి జరిగిన ప్రయత్నం.

నేపథ్యం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా నగరాలు శివార్లలోకి విస్తరించాయి. ఇల్లు ఒకచోట, కొలువు మరోచోట, ఆస్పత్రి ఇంకోచోట అయ్యేసరికి కారు లేనిదే పూట గడవని పరిస్థితి వచ్చింది. ప్రయాణికులు తగ్గి ప్రైవేటు బస్సు కంపెనీలు దెబ్బతిన్నాయి. నగర రవాణాను నిలబెట్టడానికి 1964లో ఫెడరల్ ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసి నిధులివ్వడం మొదలుపెట్టింది.

1965లో వృద్ధుల సంక్షేమ చట్టం, పేదల వైద్యానికి మెడికైడ్ పథకం వచ్చాయి. వైద్యం ఉచితమైనా డాక్టరు దగ్గరికి చేరే దారి లేకపోతే ఫలితం లేదు కనుక ఇలాంటి పథకాల్లో ప్రయాణ ఖర్చుకూ చోటిచ్చారు. ఉద్దేశం మంచిదే. కాని ఏ పథకానికి ఆ పథకం తన లబ్ధిదారులకే వ్యాన్లు నడపడంతో, సేవలు పెరుగుతున్నకొద్దీ విడివిడిగానే పెరిగాయి.

హక్కుల ఉద్యమం

వృద్ధులకూ వికలాంగులకూ ప్రజా రవాణాపై అందరితో సమాన హక్కు ఉందని 1970లో చట్టంలో చేర్చారు. న్యూయార్క్‌కు చెందిన కాంగ్రెస్ సభ్యుడు మారియో బియాజీ ప్రతిపాదించిన సవరణ ఇది. ఫెడరల్ నిధులతో నడిచే ఏ కార్యక్రమంలోనూ వికలాంగులపై వివక్ష కూడదని 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ చెప్పింది. 1974 చట్టంతో రద్దీ లేని వేళల్లో ఈ రెండు వర్గాలకూ సగం చార్జీ వచ్చింది. వారి కోసం వాహనాలు కొనే సేవాసంస్థలకు 1975 నుంచి ఫెడరల్ సాయం అందింది. 1978లో పల్లెలకూ చిన్న పట్టణాలకూ ప్రత్యేక నిధి ఏర్పడింది.

చట్టం వచ్చినా బస్సు మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. 1978 జూలైలో డెన్వర్ నగరంలో 19 మంది వికలాంగులు నడిరోడ్డు మీద బస్సులను అడ్డగించి, రాత్రంతా అక్కడే ఉన్నారు. చక్రాల కుర్చీతో ఎక్కడానికి లిఫ్టులు అమర్చాలన్నది వారి డిమాండు. అక్కడినుంచి పెరిగిన ఉద్యమం 1980లలో అనేక నగరాలకు పాకింది. 1990 జూలై 26న అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యు. బుష్ సంతకంతో అమెరికా వికలాంగుల చట్టం రూపుదాల్చింది. కొత్త బస్సులన్నీ చక్రాల కుర్చీ ఎక్కేలా ఉండాలని అది శాసించింది. మామూలు బస్సును వాడలేనివారికి రూటుకు ఇరువైపులా ముప్పావు మైలు మేర ప్రత్యేక వ్యాను నడపాలని, ముందురోజు చెబితే చాలునని, చార్జీ మామూలు టికెట్టుకు రెట్టింపు దాటకూడదని నిబంధనలు వచ్చాయి. ఈ ప్రత్యేక వ్యాను సేవనే పారాట్రాన్సిట్ అంటారు.

సమన్వయం ఎందుకు కష్టం

డయాలసిస్ రోగి సాధారణంగా వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వెళ్లాలి. అదే దారిలో ఒక వృద్ధురాలు మధ్యాహ్న భోజన కేంద్రానికి, ఒక యువకుడు వృత్తి శిక్షణకు వెళ్తారనుకుందాం. ముగ్గురికీ ఒక వ్యాను చాలు. కాని వారి ఖర్చు భరించేవి మూడు వేర్వేరు పథకాలు. అర్హత రుజువులు, బీమా షరతులు, డ్రైవరుకు కావలసిన శిక్షణ, లెక్కల పద్ధతి దేనికదే. ఆ ప్రయాణ ఖర్చులో ఎవరి వాటా ఎంతో తేలకపోతే, నిధులు దుర్వినియోగమయ్యాయన్న ఆక్షేపణ వస్తుందని అధికారులు జంకుతారు. దాంతో మూడు వ్యాన్లు సగం ఖాళీగా తిరుగుతాయి. ఏ పథకం కిందికీ రాని నాలుగో మనిషి మాత్రం ఇంట్లోనే ఉండిపోతాడు.

సంస్థాగత ప్రయత్నాలు

ఫ్లోరిడా రాష్ట్రం 1979లోనే ఇలాంటి సేవల సమన్వయం కోసం చట్టం చేసింది. కౌంటీలలో రవాణా సమన్వయకర్తను నియమించే పద్ధతి, 1989లో రాష్ట్ర కమిషన్, ప్రత్యేక నిధి అక్కడ రూపుదిద్దుకున్నాయి. ఫెడరల్ స్థాయిలో ఆరోగ్య, రవాణా శాఖలు కలిసి 1986లో సమన్వయ మండలిని ఏర్పాటు చేశాయి. నగరంలోని పేదలను శివార్లలోని కొలువులకు చేర్చే పథకం 1998లో మొదలైంది.

రవాణా ఖర్చు భరించే ఫెడరల్ కార్యక్రమాలు 62 ఉన్నాయని ప్రభుత్వ గణన కార్యాలయం 2003లో తేల్చింది. 2004 ఫిబ్రవరి 24న అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యు. బుష్ ఉత్తర్వుతో సమన్వయ మండలి విస్తరించింది. 2005 రవాణా చట్టం అసలైన మలుపు. కొన్ని ముఖ్య నిధులు కావాలంటే ప్రతి ప్రాంతమూ ఉమ్మడి ప్రణాళిక తయారు చేసుకోవాలని, దాని తయారీలో సేవాసంస్థలకూ ప్రజలకూ భాగం ఉండాలని అది షరతు పెట్టింది. 2012 చట్టం విడివిడి పథకాలను కొన్నిటిని కలిపేసింది. అదే ఏడాది గణన కార్యాలయం మళ్లీ లెక్కిస్తే కార్యక్రమాల సంఖ్య 80కి చేరింది.

నేటి రూపం

ప్రయాణికుడి అవసరం విని తగిన వాహనం చూపే సమన్వయ అధికారి, ఒకే ఫోను నంబరుతో పనిచేసే సమాచార కేంద్రం, బస్సులో ఒంటరిగా వెళ్లడం నేర్పే శిక్షణ ఇప్పుడు చాలా ప్రాంతాల్లో ఉన్నాయి. మరోవైపు అనేక రాష్ట్రాలు మెడికైడ్ ప్రయాణాలను ప్రత్యేక మధ్యవర్తి సంస్థలకు అప్పగించాయి. ఆ పథకానికి దీనివల్ల ఖర్చు అదుపులో ఉండవచ్చు గాని, ఉమ్మడి వ్యవస్థ నుంచి ప్రయాణికులూ నిధులూ విడిపోతాయన్న విమర్శ ఉంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రయాణాలు బాగా తగ్గిపోయి, అనేక చోట్ల ఇవే వ్యాన్లు వృద్ధుల ఇళ్లకు భోజనం చేరవేశాయి. విడివిడి పథకాల మధ్య గోడలు తగ్గినకొద్దీ అవే బండ్లు, అవే డ్రైవర్లు మరింత మందికి అందుతారన్నది సమన్వయ రవాణా మూలసూత్రం. ఏ పథకానికీ చెందని ఆ నాలుగో మనిషికి కూడా సీటు దొరికినప్పుడే అది నెరవేరినట్టు.