నవాబు కొలువున జర్మను ఔషధకారుడు

మా కొల్లేటికోటలో చారు కాచినను పులుసు పెట్టినను కరివేపరెమ్మ పడక తీరదు. ఆ చెట్టునకు శాస్త్రజ్ఞులు వ్రాయు లాటిన్ నామమున ‘కోనిగీ’ యను మాట గలదు. అది యొక మనుష్యుని పేరు. ఆయన మన తీరముననే కన్ను మూసెను గాన, ఆ వృత్తాంతము మనకు పరాయిది గాదు.

యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1728లో బాల్టిక్ తీరమందలి లివోనియాలో జర్మను కుటుంబమున జనించెను. మొదట నేర్చినది మందుల తయారీ. మందు నూఱువాడు మూలిక నెఱుగకున్న జరుగదు. మన వైద్యులకును అంతియే కదా! ఆ యెఱుకయే 1757లో ఆయనను స్వీడనులో లిన్నేయసు పండితుని శిష్యునిగా జేసినది. పిదప డెన్మార్కున నివసించి, ఐస్లాండు శీతలభూములలోని మొక్కలను పరిశీలించి, 1767లో డేనుల పట్టణమైన తరంగంబాడికి వైద్యుడుగా వచ్చెను.

అచ్చట సేకరించిన మొక్కలను గురువునకు పంపుచుండెను. లిన్నేయసు 1771లో కరివేపకు ‘బెర్గెరా కోనిగీ’ యని నామకరణము చేసెను. 1825లో ష్ప్రెంగెల్ అను విద్వాంసుడు దానిని ‘ముర్రయా’ గణమున జేర్చెను. ఇటీవల పెక్కురు మరల మొదటి గణమునకే తెచ్చుచున్నారు. ఇంటిపేరెన్నిమారులు మాఱినను శిష్యుని పేరు కదలలేదు.

ఆయన కరివేపను కనుగొనెనని చెప్పువారితో నేను ఏకీభవింపను. అది మన పోపులలోను, వైద్యుల కషాయములలోను అంతకు మున్నే యున్నది. ఐనను, మన పెరటిచెట్టును లోకపు పట్టికలో నెక్కించుటకు పడిన శ్రమ ఆయనదే. ఆ శ్రమను తగ్గించి చెప్పుట న్యాయము గాదు.

1774లో ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా కొలువున ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా ప్రవేశించెను. కొలువు గొప్పదే గాని జీతము యాత్రలకు చాలలేదు. నవాబే అప్పులలో మునిగియుండెనని చరిత్ర చదివినవారెఱుగుదురు. అందుచే 1778లో కుంపిణీవారి నాశ్రయించి, సయాము, మలక్కాలకు పోయివచ్చెను.

1784లో కలకత్తాకు పోవు దారిలో విశాఖపట్టణమున, తరువాత పాములనుగూర్చి గ్రంథము వ్రాసిన రస్సెలు వైద్యుని గలిసెను. అనంతరము రక్తవిరేచనములు పట్టుకొన్నవి. సామర్లకోటలోనున్న రాక్స్‌బరో దొర చికిత్స చేసెను, గుణమీయలేదు. ఎందఱకో మందులు నూఱి యిచ్చిన చేయి 1785 జూను నెలలో కాకినాడ జగన్నాథపురమున చల్లబడెను. అప్పటికాయనకు ఏబదియాఱేండ్లు.

తన కాగితములన్నియు లండనులోని జోసెఫ్ బ్యాంక్సుకు చెందవలెనని మరణశాసనము వ్రాసియుండెను. వానిలోని సయాము యాత్ర దినచర్య నూటతొమ్మిదేండ్లకు, 1894లో, సింగపూరున ఆంగ్లమున అచ్చుపడినది.